ఆనవాలు చెప్పే మనిషి

"చాయ్ పోసినవ్, ముచ్చట పెట్టినవ్, వాళ్లత్త మోకాళ్ల నొప్పులెట్లున్నయో గూడ అడిగినవ్. పంపు మాత్రం ఇయ్యలే. ఇదేం పద్ధతే అమ్మా?"

"మనిషొచ్చిండు, మర్యాద చేసిన. పంపు సంగతి వేరే."

"వేరే ఎట్లయితది? నేను పంపిస్తెనే వచ్చిండు కద!"

"నువ్వు పంపినవని వాడు చెప్పిండు. నువ్వు చెప్పలే."

ఈ నాలుగు మాటలనే అటు తిప్పి ఇటు తిప్పి తల్లీకొడుకులు చాలాసేపటి నుంచి అనుకుంటున్నారు. లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అంకితకు ఒక్క ముక్క పోకుండా వినిపిస్తోంది. తలుపు వేసుకుంటే ఉక్కపోత, తీసి పెడితే అత్తగారి గొంతు. రెంటిలో గొంతే నయమనుకుని తీసి పెట్టింది.

జరిగింది చిన్న విషయమే. ఇబ్రహీంపట్నం నుంచి రావిర్యాల వైపు పోయే దారిలో వాళ్లకు పత్తి చేను ఉంది. పొద్దున్నే మహిధర్ చేనుకు పోయి ఆకులు తిప్పి చూస్తే పచ్చదోమ కనిపించింది. గాలి లేవకముందే మందు కొట్టాలి. మందు కొట్టే పంపేమో ఇంట్లో ఉంది. పక్క చేను హాషం మేనల్లుడు అల్తమష్ బండి మీద ఊళ్లోకి పోతుంటే, ఇంటికి వెళ్లి పంపు తెమ్మని పంపాడు. అల్తమష్ వెళ్లాడు, అరుగు మీద కూర్చుని చాయ్ తాగాడు, ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. చివరికి మహిధరే ఇంటికి వచ్చేసరికి గాలి లేచింది. ఇక ఆ రోజుకు మందు కొట్టడం అయ్యే పని కాదు.

ఈ ఇంట్లోంచి ఏ వస్తువైనా బయటి మనిషి చేతికి పోవాలంటే ఆనవాలు కావాలి. అది మహిధర్ తల్లి సుశీల పెట్టిన నియమం. పంపేవాళ్లు ముందుగా ఆమెకు ఫోన్ చేసి ఒక మాట చెప్పాలి. నల్ల బర్రె దూడ పేరో, మొన్న పగిలిన కుండ సంగతో, ఇంటివాళ్లకు తప్ప తెలియనిది ఏదైనా సరే. వచ్చిన మనిషి వాకిట్లో నిలబడి అదే మాట చెప్పాలి. రెండూ కలిస్తే వస్తువు చేతికొస్తుంది. కలవకపోతే చాయ్ ఒక్కటే వస్తుంది.

ఇంటికి కొత్తగా ఫోన్ పెట్టించిన రోజుల్లో, 'దశరథ పటేలు తెమ్మన్నడు' అంటూ ఒకడొచ్చి బావి మోటరు పట్టుకుపోయాడు. బండి మీద మోటరు నిలవకపోతే సుశీలే లోపలికి వెళ్లి తాడు తెచ్చిచ్చింది. ఆ తాడు సంగతి చెప్పి దశరథ ఇప్పటికీ భార్యను ఏడిపిస్తాడు. అప్పటి నుంచీ ఈ ఆనవాలు. అంకితకు కూతురు భవిత పుట్టినప్పుడు ఉయ్యాల తీసుకుపోవడానికి వచ్చిన అంకిత చిన్నమ్మ కొడుకు రఘునందన్ కూడా గేటు బయట ఎండలో నిలబడ్డాడు. తర్వాత ఎవరి పెళ్లికి పోయినా పుట్టింటివాళ్లు అంకితను చూసి, "ఆనవాలు చెప్పు, అప్పుడు అన్నం వడ్డిస్తం" అని నవ్వేవాళ్లు. అంకిత పైకి నవ్వేది కానీ లోలోపల సిగ్గుతో చచ్చిపోయేది.

బయట మహిధర్ గొంతు పెరిగింది. "ఎన్నిసార్లు ఫోన్ చేసిన! ఎత్తితెనే కద ఆనవాలు చెప్పేది!"

"బర్రె కాడున్న. ఫోన్ ఇంట్ల చార్జింగ్ పెట్టిన. బర్రె కాడికి ఫోన్ పట్కపోతరా?"

"బర్రెకొక ఫోన్ కొనిస్తె అయిపాయె," అన్నాడు దశరథ, పేపర్ మీంచి తల ఎత్తకుండానే.

"నువ్వు ఆగు బాపు!"

అంకిత చెవులు మూసుకున్నంత పని చేసి తెర వైపు చూసింది.

భవిత కడుపులో ఉండగా మానేసిన ఉద్యోగం మళ్లీ దొరకడానికి ఆమె చాలా గడపలు తొక్కింది. ప్రతిచోటా అదే ప్రశ్న, ఇన్నాళ్లు ఖాళీగా ఎందుకున్నారని. పిల్లను పెంచడం ఖాళీగా ఉండటం ఎట్లయిందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు. చివరికి ఆదిబట్ల దాటాక ఉన్న ఒక మెషిన్ పార్టుల కంపెనీ, ఆరు నెలలు చూసి ఉంచుకుంటామో లేదో చెప్తామంది. సగం రోజులు ఇంటి నుంచి, సగం రోజులు ఆఫీసులో. ఈ వారంతో ఆ గడువు అయిపోతుంది. ఆమె పైఅధికారి నర్మద సాయంత్రం ఆమె రాసిన పని చూస్తానంది. ఆ పని చూశాకే ఉంచుకోవడమా, పంపించడమా తేలేది. ఇది పోతే ఇంకో చోట మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక తనకు ఉండదని అంకితకు తెలుసు.

పని ఇది. కంపెనీ నెట్‌వర్కుకు వాకిట్లో కాపలా కాసే పెట్టె ఒకటుంది, ఫైర్‌వాల్ అంటారు. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని ఆపాలో దాంట్లో రాసి ఉంటుంది. రోజూ పొద్దున ఆ పెట్టెను పలకరించి, రాత్రికి రాత్రి దాంట్లో ఏమైనా మారిందేమో చూసి చెప్పే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, అంకిత రాయాలి. రాసింది. కానీ నడిపిన ప్రతిసారీ అది పెట్టె గడప దగ్గరే ఆగిపోతోంది. పెట్టె తన గుర్తింపుగా చూపిస్తున్న సర్టిఫికెట్ ఎవరిచ్చారో తనకు తెలియదంటోంది.

నిజమే, దానికి తెలియదు. బయటి లోకం గుర్తించే పెద్ద సంస్థల సంతకమైతే స్క్రిప్టు తనంతట తానే ఒప్పుకుంటుంది. ఈ పెట్టె సర్టిఫికెట్ మీద ఉన్నది కంపెనీ సొంత సంతకం. ఆ సంతకాన్ని నమ్మమని చెప్పాలంటే కంపెనీ మూల సర్టిఫికెట్ తెచ్చి స్క్రిప్టు చేతికివ్వాలి.

పక్క సీటు దీక్షిత్‌ను మెసేజ్‌లో అడిగితే వెంటనే జవాబు పెట్టాడు. "అంత కష్టమెందుకక్కా? సర్టిఫికెట్ చూడొద్దని ఒక్క లైన్ రాసెయ్. మా స్క్రిప్టులన్ని గట్లనే నడుస్తున్నయ్."

ఆ ఒక్క లైను ఏమిటో ఆమెకూ తెలుసు. రాస్తే ఇప్పుడే నడుస్తుంది. కానీ స్క్రిప్టు పెట్టెను పలకరించగానే మొదట చేసే పని తన రహస్య తాళంచెవి చూపించడం. చూడవద్దని చెప్పాక దారిలో ఎవరు నిలబడి 'నేనే పెట్టెను' అన్నా వాళ్ల చేతిలో ఆ తాళంచెవి పెట్టేస్తుంది. అందుకే మనసొప్పక, మూల సర్టిఫికెట్ పంపమని అడిగింది. దీక్షిత్ మెయిల్‌లో పంపాడు. మంచివాడు కాబట్టి కింద దాని వేలిముద్ర కూడా పెట్టాడు. వేలిముద్ర అంటే అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి వరస. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరస మారిపోతుంది.

అంకిత ఫైలు తెరిచి వరస చూసింది. మెయిల్‌లో ఉన్న వరసతో పోల్చింది. చివరి అక్షరం దాకా కలిసింది. హమ్మయ్య అనుకుని, ఆ ఫైలును స్క్రిప్టుకు ఇవ్వడానికి కీబోర్డు మీద చెయ్యి పెట్టింది.

"ఆనవాలు గూడ చెప్పిండు కదనే వాడు! దూడ పేరు సిత్తారి అని!" బయట మహిధర్ దాదాపు అరిచాడు.

"చెప్పిండు. అయితే ఏంది? వాడు చెప్పింది నిజమో కాదో దేనితోటి కలుపాలె? నీ ఫోన్ రాలే. పంపు అడిగేది వాడే, ఆనవాలు తెచ్చేది వాడే. రెండు ఒక్కని సంచిలకెల్లే తీస్తె ఇగ ఆనవాలెందుకురా? ఉత్తగనే ఇచ్చుకుంట పోరాదు!"

అంకిత చెయ్యి ఆగిపోయింది.

ఫైలు మెయిల్‌లో వచ్చింది. వేలిముద్ర అదే మెయిల్‌లో వచ్చింది. కలవక ఏం చేస్తాయి? దీక్షిత్ మంచివాడే. పాపం అల్తమష్ కూడా మంచివాడే. ఇది మనుషుల మంచితనం సంగతి కాదు. ఈ నియమం ఆమె చదువుకున్నదే, ఉద్యోగం కోసం మళ్లీ చదువుకున్నదే. సాయంత్రం నర్మదకు చూపించాలన్న తొందరలో అది ఎక్కడో కింద పడిపోయింది. అత్తగారు కొడుకును తిట్టబోయి దాన్ని తీసి మళ్లీ ఆమె ముందు పెట్టింది.

మెయిల్ మూసి, ఆఫీసు గుర్తింపు కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. సర్టిఫికెట్ల సర్వర్ చూసుకునే ఐలేష్ ఎత్తాడు.

"ఐలేష్, నీ సర్వర్ మీద మూల సర్టిఫికెట్ వేలిముద్ర జర చదువుతవా? నా కాడున్నదానితోటి కలుపుకుంట."

"ఇంతవరకు ఎవ్వరు అడుగలే అక్కా ఇది," అని నవ్వాడు ఐలేష్. "ఆగు, చదువుత. ఏ, నైన్, ఫోర్..."

మొదటి అక్షరమే కలవలేదు. రెండోదీ కలవలేదు. అంకిత తన దగ్గర ఉన్నది చదివి వినిపించింది.

"అక్కా, అది పాతది. దాని సంతకం పెట్టే తాళంచెవి ఉన్న ల్యాప్‌టాప్ పోయినేడు బస్సుల పోయింది. అందుకే అది బంజేసి కొత్తది చేసినం. దీక్షిత్ కాడ పాతదే ఉండిపోయినట్టుంది. అయినా పాతదానితోటి నీ పని నడవదు. అన్ని పెట్టెలకు కొత్తయే పెట్టినం."

"నడుస్తది ఐలేష్. ఇప్పుడే చూస్తున్న. ఆ పెట్టె మీద ఇంక పాత సంతకమే ఉన్నది."

"అరే." ఐలేష్ గొంతులో నవ్వు పోయింది. "ఆ ఒక్కటి మరిచినం."

"ఇన్ని దినాలు ఎవ్వరికి తెలువలేదా?"

"ఎట్ల తెలుస్తది? అందరు చూడొద్దనే రాసుకున్నరు కద."

ఫోన్ పెట్టేసి అంకిత ఆ ఫైలును చెరిపేసింది. పోయిన ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో ఉందో వాళ్లు ఆ పెట్టెలాగే వేషం కట్టవచ్చు. దీక్షిత్ పంపిన ఫైలు పెట్టి ఉంటే ఆమె స్క్రిప్టు సాయంత్రానికి చక్కగా నడిచేది, నర్మద మెచ్చుకునేది, రోజూ పొద్దున్నే ఆ వేషానికి కూడా దండం పెట్టేది. ఇప్పుడు మాత్రం నడవదు. పెట్టె సర్టిఫికెట్ మార్చాలంటే మిషన్లు ఆపే వేళ చూసుకోవాలి, అది రేపటికి గానీ కాదన్నాడు ఐలేష్.

నర్మదకు చెప్పక తప్పలేదు.

"సాయంత్రం చూపిస్త అన్నవ్ కద అంకితా?"

"చూపిస్త మేడం. కాని ఇయ్యాల కాదు. తెలిసి తెలిసి పాత సంతకాన్ని నమ్మి నడపలేను." ఐలేష్ చెప్పిందంతా చెప్పింది.

నర్మద మెచ్చుకోలేదు, కోప్పడనూ లేదు. "నేను ఐలేష్‌తోటి మాట్లాడుత," అని పెట్టేసింది.

అంకిత వంటింటి గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. మహిధర్ పంపు బాగుచేసే వంకతో పెరట్లోకి పోయాడు. సుశీల అడక్కుండానే చాయ్ గ్లాసు చేతికిచ్చింది.

"మొహం గట్లున్నదేంది బిడ్డా?"

"ఆఫీసుల ఒక పెట్టె ఉన్నది అత్తమ్మా. దాన్ని నమ్మాల్నంటె కంపెనీ ఆనవాలు గావాలె. ఒకతను తెచ్చిచ్చిండు. ఫోన్ చేసి అడిగితె వేరే చెప్తున్నరు."

"ఫోన్ల మాట, తెచ్చిన మాట కలువలేదా?"

"కలువలే."

"అయితే ఇయ్యకు," అంది సుశీల, అదేదో పంపు సంగతి అన్నట్టు. గడ్డి మోపు ఎత్తుకుని బర్రె దగ్గరికి వెళ్లిపోయింది. ఏం పెట్టె అని గానీ, ఎవరి ఆనవాలు అని గానీ అడగలేదు.

మరుసటి రోజు పొద్దున అల్తమష్ మళ్లీ వచ్చాడు. ఈసారి మహిధర్ ముందే ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎత్తేందుకు సుశీల అప్పటికే దాన్ని కొంగున ముడేసుకుని తిరుగుతోంది.

"పెద్దమ్మా, ఇయ్యాల చాయ్ వద్దు. పంపు ఇస్తె చాలు," అన్నాడు వాడు వాకిట్లోంచే.

"ఆనవాలు?"

"నిన్న మీరిద్దరు కొట్లాడుకున్నది."

సుశీల ఫక్కున నవ్వి పంపు తెచ్చిచ్చింది. వద్దన్నా వినకుండా చాయ్ కూడా పోసింది. "నిన్నటిది మనసుల పెట్టుకోకు నాయనా. మీ మామ హాషం ఏనాడైన వచ్చి అడిగితె మొహం చూసి ఇస్త. నిన్ను కొత్తగ చూసిన."

"పెట్టుకోలే పెద్దమ్మా. పెద్దమ్మ చేసింది మంచిదే అన్నది మా అత్త మున్నీ బీ. మా ఇంట్ల గూడ ఆనవాలు పెట్టాల్నంటున్నది. గిప్పుడు నాకు రెండిండ్లల్ల తిప్పలు."

మధ్యాహ్నం ఐలేష్ ఫోన్ చేశాడు. పెట్టెకు కొత్త సర్టిఫికెట్ పెట్టాడు, కొత్త మూల సర్టిఫికెట్ మెయిల్ చేశాడు. వేలిముద్ర మాత్రం మెయిల్‌లో పెట్టలేదు.

"చదువుత, కలుపుకో అక్కా," అన్నాడు.

అతను ఒక్కో అక్షరం చదువుతుంటే అంకిత తెర మీద వేలు పెట్టి వెంట పోయింది. ఒళ్లో కూర్చున్న భవిత, తల్లి ఏదో కొత్త పాట నేర్చుకుంటోందనుకుని, "ఏ, నైన్, ఫోర్" అని వెంటవెంటనే అందుకుంది. చివరిదాకా అన్నీ కలిశాయి. ఫైలును స్క్రిప్టుకిచ్చి నడిపింది. ఈసారి గడప దగ్గర ఆగలేదు. లోపలికి పోయి, చూసి, తిరిగొచ్చి, మారిందేమీ లేదని మర్యాదగా చెప్పింది.

దాన్ని నర్మదకు పంపి, జవాబు కోసం చూస్తూ ఉతికిన బట్టలన్నీ మడతపెట్టింది. మడతపెట్టినవే విప్పి మళ్లీ మడతపెట్టింది. ఫోన్ మోగింది.

"చూసిన," అంది నర్మద. "మంచిగుంది. అంకితా, ఆ చూడొద్దని రాసిన స్క్రిప్టులు ఇంక ఎన్నున్నయో లెక్క లేదట. దీక్షిత్ గూడ తలకాయ పట్టుకుని కూసున్నడు. అవన్ని నువ్వు, ఐలేష్ కలిసి సరిచెయ్యాలె. ఇంట్ల కూసుంటె అయ్యేది కాదు. సోమవారం నుంచి రోజూ ఆఫీసుకు రా. నిన్ను ఉంచుకున్నట్టు మెయిల్ సాయంత్రం వస్తది."

"థ్యాంక్స్ మేడం," అంది అంకిత, చేతిలోని బట్టను మూడోసారి మడతపెడుతూ.

మెయిల్ చూసుకున్నాక ఆమె నేరుగా కొట్టం దగ్గరికి వెళ్లింది. సుశీల పాలు పిండుతోంది. పాలధార చప్పుడు మధ్యలోనే అంకిత జరిగిందంతా చెప్పింది. ఫైలూ వేలిముద్రా ఒకే సంచిలోంచి రావడం, తన చెయ్యి కీబోర్డు మీద ఉండగా ఆ మాట వినపడటం.

"మీరు ఆ మాట అనకుంటె నేను పెట్టేసేదాన్ని అత్తమ్మా. మీ వల్లనే ఆగిన."

"నేను నిన్నన్ననా? వాణ్ణన్న," అంది సుశీల, చెంబు వైపే చూస్తూ. కానీ పిండటం ఒక్క క్షణం ఆగింది. "నువ్వు గూడ నా ఆనవాలుకు నవ్వేదానివి కద. రఘునందన్ వచ్చిన నాడు నీ మొహం చూసిన నేను."

అంకిత తల వంచుకుంది. "అవ్ అత్తమ్మా. సిగ్గయ్యేది. ఇప్పుడైతలేదు."

సుశీల లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేసుకుంది. అంకిత చెంబు అందుకుంటే, ఆ చేత్తో కోడలి భుజం పట్టుకుని లేచింది. వంటిల్లు చేరేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

రాత్రి అన్నాల దగ్గర మహిధర్ సంతోషపడ్డాడు, వెంటనే దిగులూ పడ్డాడు.

"రోజూ ఆఫీసంటె ఎట్ల? భవితను బడి కాడ ఎవరు తీస్కొస్తరు? ఇంట్ల అమ్మ ఒక్కతె. ఫోన్ మోగితె బర్రె కాడ, బర్రె అరిస్తె ఫోన్ కాడ. నేను చేనుల నుంచి ఇంకొకణ్ణి పంపిస్తె మల్ల ఇదే లొల్లి. అందుకే అంటున్న, ఆ ఆనవాలు బంజేద్దం."

"మోటరుకు తాడిచ్చిన ఇల్లు ఇది. బంజేస్తె ఈసారి బర్రెకు గూడ తాడు కట్టిస్తది," అన్నాడు దశరథ.

భవిత "ఏ, నైన్, ఫోర్" అని పాడుతూ పప్పు కలుపుకుంటోంది. సుశీల అందరికీ పెరుగు వేసింది, తన కంచంలో వేసుకుంది, గరిటె గిన్నెలో పెట్టింది. అప్పుడు, ఉప్పు అడిగినంత మెల్లగా చెప్పింది.

"ఆనవాలు బందుగాదు. ఇగనుంచి ఈ ఇంటి ఆనవాలు అంకిత చెప్తది. ఎవరు ఎవర్ని పంపినా ముందుగాల అంకితకు ఫోన్ చెయ్యాలె. నువ్వైనా, మీ బాపైనా. ఇంటికి మనిషొస్తె, నేను ఫోన్ ఎత్తుతనా అని ఎవ్వరు సూడక్కర లేదు, నేనే అంకితకు చేసి అడుగుత. ఆమె చెప్పింది, వచ్చినోడు చెప్పింది ఒకటైతెనే ఇస్త." కాస్త ఆగి, మనవరాలి మూతికంటిన పప్పు కొంగుతో తుడిచింది. "బడి కాడికి నేను పోత. అంకిత సోమవారం నుంచి ఆఫీసుకు పోతది."